గళ్ళ గుడ్డ ఎవరిది?

మన సంచికల్లో కథల మీద విమర్శ ఉంటుంది, కవిత్వం మీద ఉంటుంది, అప్పుడప్పుడు సినిమా మీద కూడా ఉంటుంది. గుడ్డ మీద మాత్రం ఉండదు. గుడ్డ గురించి రాయాల్సి వస్తే మనం రెండే రకాలుగా రాస్తాం. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన జాతి మనదని పొంగిపోతాం, లేదా నేతగాళ్ళ బతుకులు చితికిపోతున్నాయని బాధపడతాం. రెండూ నిజాలే. అయితే ఒక కథ చదివాక ఇది ఎందుకు బాగుంది, ఎక్కడ అబద్ధం ఆడింది, ఎవరి గొంతు వినిపించింది, ఎవరి గొంతు నొక్కేసింది అని అడుగుతాం కదా. ఒక గుడ్డని చేతిలోకి తీసుకుని ఆ ప్రశ్నలు ఎవరమూ అడగం. ఈ వ్యాసంలో ఆ పని చేసి చూద్దామనుకుంటున్నాను. అందుకు నేను ఎంచుకున్నది గద్వాల చీరో, వెంకటగిరి చీరో కాదు. ఎమిరేట్స్‌లో ఉంటున్న మనకి బజారుకెళ్ళినప్పుడల్లా కంటపడే 'ఆఫ్రికన్ గుడ్డ'.

గుడ్డకీ సాహిత్యానికీ సంబంధమేమిటని అడిగేవారికి ముందుగా ఒక్క ఉదాహరణ చెప్తాను. తూర్పు ఆఫ్రికాలో, ముఖ్యంగా జాంజిబార్, మొంబాసా తీరంలో ఆడవాళ్ళు కట్టే గుడ్డని కాంగా అంటారు. దానికి నాలుగువైపులా అంచు ఉంటుంది, నడుమ బొమ్మ ఉంటుంది, ఆ బొమ్మ కింద ఒక వాక్యం ఉంటుంది. అది స్వాహిలీలో ఒక సామెతో, పొడుపు మాటో, ఎత్తిపొడుపో అయ్యుంటుంది. ఆ వాక్యాన్ని కాంగా పేరు అంటారు. రంగు ఎంత నచ్చినా వాక్యం నచ్చకపోతే కొనని వాళ్ళుంటారు. తోటికోడలితో నోటితో అనలేని మాటని కట్టుకుని ఎదురుగా తిరిగితే చాలు. మొంబాసాలో 1887లో మొదలైన ఒక గుజరాతీ కుటుంబపు దుకాణం తరాల తరబడి ఈ కాంగాలని అమ్మింది. మనం పుస్తకం చదివినట్టు గుడ్డ చదివే జనం ఉన్నారన్నమాట. అలాంటి గుడ్డని 'రంగులు భలే ఉన్నాయి' అని ఒక్క మాటతో తేల్చెయ్యడం, కావ్యాన్ని అట్ట చూసి సమీక్షించడం లాంటిదే.

పేరొకటి, ఊరొకటి

ఇక మన బజారులోకి వద్దాం. క్రీక్ ఇవతల బర్‌దుబాయ్ వస్త్రాల సూక్‌లో, అబ్రా ఎక్కి అవతలి ఒడ్డుకి వెళ్తే దేరా సందుల్లో, చలికాలమంతా తెరిచి ఉండే గ్లోబల్ విలేజ్‌లోని ఆఫ్రికా పెవిలియన్‌లో 'ఆఫ్రికన్' అన్న మాట మీద అనేక రకాల సరుకు అమ్ముడవుతుంది. లాగోస్ నుంచీ, అక్రా నుంచీ, మొంబాసా నుంచీ వచ్చిన వ్యాపారులు ఇక్కడే తానులకి తానులు కొని మూటలు కట్టించుకుంటారు. మన ఆడవాళ్ళు కూడా ఈ మధ్య జాకెట్లకీ, సంచులకీ, పిల్లల గౌన్లకీ ఆ గుడ్డ కొని సత్వాలోనో, రోలాలోనో కుట్టిస్తున్నారు. ఆ పేరు కింద ఏమేం ఉన్నాయో ఒక్కొక్కటే విప్పి చూద్దాం.

మొదటిది వాక్స్ ప్రింటు. రెండువైపులా ఒకే తీరున రంగు పట్టి, అక్కడక్కడా సన్నటి పగుళ్ళ గీతలతో కనిపించే గట్టి నూలు గుడ్డ. ఆఫ్రికా అనగానే లోకమంతటికీ గుర్తుకొచ్చే గుడ్డ ఇదే. దీని పుట్టుక మాత్రం జావా ద్వీపపు బాతిక్. చేత్తో మైనం పూసి అద్దే ఆ పనిని యంత్రం మీద చవగ్గా చేసి జావా వాళ్ళకే అమ్ముదామని 19వ శతాబ్దంలో డచ్చి వాళ్ళు ప్రయత్నించారు. 1846లో హెల్మండ్ అనే ఊళ్ళో మొదలైన ఫ్లిస్కో కంపెనీ వాటిలో పేరున్నది. మైనం బదులు యంత్రంలో జిగురు వాడితే అది పగిలి గుడ్డ మీద గీతలు పడేవి. జావా వాళ్ళకి అది లోపం. పశ్చిమాఫ్రికాలో గోల్డ్ కోస్ట్ జనానికి అదే నచ్చింది. 1890ల నుంచి గ్లాస్గో వ్యాపారి బ్రౌన్ ఫ్లెమింగ్ లాంటివాళ్ళ చేతుల మీదుగా ఆ గుడ్డ అక్కడ స్థిరపడింది. ఆ తర్వాత టోగోలోని లోమే బజారులో ఆడవాళ్ళు ఆ వ్యాపారాన్ని చేజిక్కించుకున్నారు. ఏ బొమ్మ అమ్ముతుందో, దానికి ఏ పేరు పెట్టాలో వాళ్ళే నిర్ణయించేవారు. బెంజి కార్లు కొనేంత సంపాదించారు గనక వాళ్ళని 'నానా బెంజ్' అనేవారు. ఇప్పుడు మన బజారులో చవగ్గా దొరికే వాక్స్ గుడ్డలో చాలాభాగం చైనా నుంచి వస్తున్న అనుకరణ.

రెండోది 'ఆఫ్రికన్ లేసు'. నైజీరియా పెళ్ళిళ్ళలో ఇది లేకుండా జరగదు. ఆ లేసుకి పుట్టిల్లు ఆస్ట్రియాలోని ఫోరార్ల్‌బర్గ్ అనే కొండ ప్రాంతం. 1960ల నుంచి అక్కడి ఎంబ్రాయిడరీ మిల్లులు నైజీరియా వాళ్ళు కోరిన రంగుల్లో, కోరిన చిల్లులతో తయారుచేసి పంపుతున్నాయి. మూడోది 'జార్జ్'. నైజీరియాలో ఇగ్బో ఆడవాళ్ళు నడుముకి చుట్టుకునే ఖరీదైన గుడ్డ, ఇప్పుడు దాని నిండా చమ్కీలూ, రాళ్ళూ, జరీ పనీ ఉంటాయి. ఆ పేరు మద్రాసులోని సెయింట్ జార్జి కోట నుంచి వచ్చిందని చెప్తారు. కోట మద్రాసుది, గుడ్డ మన తీరానిది, పేరు ఆఫ్రికాది.

ఇక్కడిదాకా చదివినవాళ్ళకి ఒక తేలికపాటి తీర్పు నోటికొస్తుంది: 'అయితే ఆఫ్రికన్ గుడ్డ అనేదంతా మోసమేనన్నమాట!' ఇలాంటి తీర్పులు ఈ మధ్య ఇంగ్లీషు పత్రికల్లో కూడా చూస్తున్నాను. వాక్స్ ప్రింటు డచ్చిది కాబట్టి దాన్ని ఆఫ్రికన్ అనడం అజ్ఞానమని రాస్తారు. ఆ తీర్పుతో నాకు పేచీ ఉంది. మిరపకాయని పోర్చుగీసు వాళ్ళు మన దేశానికి తెచ్చారు. ఆ మాట చెప్పి మిరపకాయ మీది కాదని గుంటూరు యార్డులో అని చూడండి! పుట్టిన చోటు ఒక్కటే ఒక వస్తువు ఎవరిదో తేల్చదు. ఎన్నుకున్నవాడూ, పేరు పెట్టినవాడూ, పెళ్ళిలోనూ చావులోనూ దాన్ని వాడినవాడూ కూడా దానికి హక్కుదారులే. ఈ మాట గట్టిగా రుజువయ్యే కథ ఒకటుంది. అది మన చీరాల కథ.

చీరాల నుంచి నైజర్ డెల్టాకి

నైజీరియా దక్షిణాన నైజర్ నది సముద్రంలో కలిసే చోట కలబారీ అనే జాతి ఉంది. నీళ్ళ మధ్య దీవుల్లో బతికే చేపల వేటగాళ్ళు, వ్యాపారులు. వాళ్ళలో శిశువు పుట్టినా, ఆడపిల్ల పెద్దదయినా, పెద్దలు పోయినా గళ్ళ నూలు గుడ్డ ఒకటి ఉండి తీరాలి. దాన్ని వాళ్ళు 'ఇంజిరి' అంటారు. పెద్దవాళ్ళు పోయినప్పుడు ఆ ఇంటి వంశంలో తరతరాలుగా దాచిన గుడ్డలు బయటికి తీసి, గదుల గోడలనీ, మంచాలనీ వాటితో అలంకరిస్తారు. ఏ ఇంట్లో ఎన్ని పాత గుడ్డలుంటే ఆ ఇంటికి అంత పరువు. ఆ ఇంజిరి వ్యాపారపు పేరు 'రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్'. పేరులో మద్రాసు ఉన్నా అది నేసిన మగ్గాల్లో చాలా భాగం చీరాల చుట్టుపక్కల ఉండేవి. సుమారు గజం చదరపు రుమాళ్ళని వరసగా ఒకే తానులో నేసేవారు కాబట్టి ఆ పేరు. అంతకు ముందు శతాబ్దాల్లో ఇవే గళ్ళని పులికాట్ రుమాళ్ళనేవారు. డచ్చి వాళ్ళు కోట కట్టుకున్న పులికాట్, మన నోట ప్రళయకావేరి, ఆ సరుకుకి రేవు.

కలబారీ ఆడవాళ్ళు ఆ గుడ్డని వచ్చింది వచ్చినట్టు కట్టుకుని ఊరుకోలేదు. బ్లేడూ, చిన్న చాకూ పట్టుకుని గళ్ళలోని కొన్ని దారాలని ఎంచి కోసి, ఒక్కొక్కటే లాగేశారు. లాగేసిన చోట సన్నటి చిల్లులు, మిగిలిన చోట కొత్త బొమ్మ. దాన్ని వాళ్ళ భాషలో 'పెలెతే బితే' అంటారు, కోసిన గుడ్డ అని అర్థం. చీరాలలో నేతగాడు దారం మీద దారం చేర్చి గళ్ళు కట్టాడు. అక్కడ కలబారీ ఆడమనిషి అదే గుడ్డలోంచి దారం మీద దారం తీసి ఇంకో బొమ్మ చూపించింది. ఇద్దరిదీ చేతిపనే. ఒకరు చేర్చి చేశారు, ఒకరు తీసి చేశారు. తూకం తగ్గిన కొద్దీ విలువ పెరిగే గుడ్డ లోకంలో ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు.

ఈ గుడ్డ గురించి 1981లో 'ఆఫ్రికన్ ఆర్ట్స్' పత్రికలో అమెరికా పరిశోధకురాలు జోయన్ ఐకర్, కలబారీ జాతికే చెందిన టోన్యే ఎరెకొసీమా కలిసి రాశారు. పరాయి వస్తువు సొంతదయ్యే దారిని వాళ్ళు నాలుగు మెట్లుగా చెప్పారు. మొదట ఎంచుకోవడం: వచ్చిన వంద రకాల్లో ఈ గళ్ళనే తీసుకోవడం. తర్వాత తమ భాషలో పేరుపెట్టడం. ఆ తర్వాత తమ ఆచారంలో దానికో చోటివ్వడం. చివరికి దాని రూపమే మార్చెయ్యడం. ఈ నాలుగు మెట్లూ ఎక్కిన గుడ్డ పరాయిది కాదంటారు వాళ్ళు. ఆఫ్రికా వాళ్ళు తెల్లవాళ్ళు ఇచ్చింది కట్టుకున్నారు తప్ప సొంత అభిరుచి లేదన్న పాత అపవాదుకి ఇది మంచి జవాబు. నిజానికి అక్కడివాళ్ళకి నచ్చని గళ్ళు అమ్ముడుపోక గిడ్డంగుల్లో పడుండేవి. గిరాకీ వాళ్ళది, ఆజ్ఞ వాళ్ళది. మనం నేసి పంపాం.

ఇంతవరకూ ఆ సిద్ధాంతంతో ఏకీభవిస్తాను. నా అభ్యంతరం తర్వాతి మాట మీద. నాలుగు మెట్లూ కొన్నవాడివే. నేసినవాడికి ఆ మెట్ల మీద చోటెక్కడ? చీరాల మగ్గానికీ నైజర్ డెల్టా మంచానికీ మధ్య మాస్టర్ వీవరున్నాడు, మద్రాసు ఎగుమతిదారున్నాడు, లాగోస్ దిగుమతిదారున్నాడు. ఇన్ని చేతులు దాటాక నేతగాడికి మిగిలేది తానుకింత అని కూలి. 1980లలో చమురు ధర పడిపోయింది. నైజీరియాకి విదేశీ మారకం కరువై, దిగుమతుల మీద ఆంక్షలొచ్చాయి. చమురు ధర పడితే మన ఉద్యోగాలు ఊగుతాయని గల్ఫ్‌లో ఉన్న మనకి ఒకరు చెప్పక్కర్లేదు. చీరాలలో మగ్గానికి కూడా ఆ ఊపు తగులుతుందని మాత్రం మనకి తట్టదు. గుడ్డని సొంతం చేసుకున్న కలబారీ ఇంట అది వారసత్వం. నేసిన ఇంట అది ఆగిపోయిన ఆర్డరు. ఒక గుడ్డ గురించి రాసే విమర్శ ఈ రెండిళ్ళకీ వెళ్ళి రావాలి. ఒక్క ఇంటికే వెళ్ళొస్తే అది సగం విమర్శ.

మూడో ఇల్లు కూడా ఒకటుంది. దాని గురించి మన 'వస్త్ర వైభవం' వ్యాసాలు మాట్లాడవు. 17, 18 శతాబ్దాల్లో కోరమండల్ తీరం నుంచి ఐరోపా కంపెనీలు కొన్న నూలు గుడ్డలో ఒక రకానికి వాళ్ళు పెట్టిన పేరే 'గినీ గుడ్డ'. పశ్చిమాఫ్రికాలోని గినీ తీరంలో అమ్మడానికి ఉద్దేశించిందని దాని అర్థం. పాలకొల్లులో, ద్రాక్షారామంలో డచ్చి వాళ్ళకి గిడ్డంగులుండేవి. ఆ తీరంలో గుడ్డ ఇచ్చి కొన్నవాటిలో బంగారం ఉంది, దంతం ఉంది, మనుషులు కూడా ఉన్నారు. 18వ శతాబ్దంలో బానిసల కోసం ఇంగ్లీషు ఓడలు ఆఫ్రికాకి మోసుకెళ్ళిన సరుకులో హిందూదేశపు నూలు గుడ్డలది పెద్ద వాటా. మన నేతగాడికి దీంతో ప్రమేయం లేదు, అతనికి ఆ సంగతి తెలిసే వీలూ లేదు. కానీ ప్రపంచమంతా మన గుడ్డ కట్టిందని సంచికల్లో రాసుకునే మనకి తెలిసుండాలి. పొగడ్తకి పనికొచ్చే చరిత్రని తీసుకుని, పనికిరానిదాన్ని వదిలెయ్యడం విమర్శ కాదు, ప్రకటన.

బురద, కరక్కాయ

యంత్రంతో సంబంధం లేకుండా, ఆఫ్రికాలోనే పుట్టి ఆఫ్రికా చేతుల్లోనే తయారయ్యే గుడ్డలు లేవా అంటే బోలెడున్నాయి. ఘనాలో అసాంతే, ఎవే జాతుల నేతగాళ్ళు జానెడు కూడా లేని పేలికలుగా కెంతే నేసి, వాటిని పక్కపక్కన కుట్టి పెద్ద గుడ్డ చేస్తారు. 2024లో యునెస్కో ఆ నేతని మానవజాతి వారసత్వపు జాబితాలో చేర్చింది. నైజీరియాలో యొరుబా ఆడవాళ్ళు కర్రపెండలం గంజితో బొమ్మ వేసి, నీలిమందులో ముంచి ఆదిరే చేస్తారు. గంజి ఉన్నచోట రంగెక్కదు. మాలీ దేశపు బోగోలాన్ అన్నిటికంటే మనకి దగ్గర చుట్టం. అదెలాగో చెప్తాను.

బోగోలాన్‌కి మగవాళ్ళు సన్నటి పేలికలు నేస్తే, ఆడవాళ్ళు బొమ్మలు వెయ్యడం పాత ఆచారం. ముందుగా గుడ్డని ఒక చెట్టు ఆకుల కషాయంలో ముంచి ఎండబెడతారు. గుడ్డ పసుప్పచ్చగా మారుతుంది. తర్వాత చెరువు అడుగునుంచి తీసి కుండలో నెలల తరబడి మాగబెట్టిన బురదతో బొమ్మ చుట్టూ పూస్తారు. కడిగేస్తే బురద పోతుంది, నలుపు నిలుస్తుంది. ఇప్పుడు శ్రీకాళహస్తి వెళ్దాం. అక్కడ ముందు గుడ్డని కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఎండబెడతారు. ఇనప ముక్కలని బెల్లం నీళ్ళలో వారాల తరబడి నానబెట్టి తీసిన కసీంలో కలం ముంచి గీత గీస్తారు. కలం తగిలిన చోట గుడ్డ నల్లబడుతుంది. ఆకు కషాయంలోనూ, కరక్కాయలోనూ ఉన్నది ఒకటే, వగరు. చెరువు బురదలోనూ, కసీంలోనూ ఉన్నది ఒకటే, ఇనుము. వగరూ ఇనుమూ కలిస్తే నలుపు. మాలీ ఆడమనిషికీ, శ్రీకాళహస్తి కళాకారుడికీ ఎవరూ ఎవరికీ నేర్పకుండానే ఆ రహస్యం దొరికింది.

మరి ఇద్దరికీ వచ్చిన కష్టం కూడా ఒకటే. మాలీ దేశపు దుస్తుల రూపకర్త క్రిస్ సేదూ 1980ల ప్రాంతంలో బోగోలాన్‌ని పారిస్ తరహా కోట్లలో వాడాక దాని పేరు లోకానికి తెలిసింది. పేరు తెలిసిన వెంటనే మిల్లులు ఆ బొమ్మని అచ్చేసి గజాల లెక్కన అమ్మాయి. మనకి కమలాదేవి ఛటోపాధ్యాయ పూనికతో 1950లలో శ్రీకాళహస్తిలో కలంకారీ మళ్ళీ ఊపిరి పోసుకుంది. 2008లో జొన్నలగడ్డ గుర్రప్ప చెట్టికి పద్మశ్రీ వచ్చింది. ఇవ్వాళ మీనా బజార్‌లో 'కలంకారీ' అని అడిగితే దుకాణదారు ముందుంచేది కలం తగలని, కరక్కాయ వాసన ఎరగని, కొన్నిసార్లు నూలు కూడా కాని స్క్రీన్ ప్రింటు. మనం దాన్ని కొని, ఉగాది సభకి కట్టుకొచ్చి, అదే సభలో చేనేత గొప్పతనం మీద ఉపన్యాసం వింటాం. ఘనాలో 2004లో సొంత దేశపు గుడ్డని శుక్రవారాలు కట్టాలని ప్రభుత్వం ప్రచారం చేసింది. తెలంగాణలో ఆ తర్వాత కొన్నేళ్ళకి సోమవారాలు చేనేత కట్టాలన్నారు. వాళ్ళకి శుక్రవారం, మనకి సోమవారం. మిగిలిన రోజులు ఇద్దరివీ మిల్లువే.

పూస, గవ్వ, తల్లీ

గుడ్డ మీద కుట్టే అలంకారాల సంగతి మరీ చిత్రంగా ఉంటుంది. మసాయి పూసల దండ అంటే ఆఫ్రికా అని కళ్ళు మూసుకుని చెప్తాం. గాజు పూసలు మాత్రం చాలాకాలంగా చెక్ దేశం నుంచి వస్తున్నాయి. ఏ రంగు పక్కన ఏ రంగు ఉండాలి, పెళ్ళయిన దానికే దండ, కానిదానికే దండ అన్న వ్యాకరణమంతా మసాయి ఆడవాళ్ళది. ఘనాలో క్రోబో జాతివాళ్ళు ఇంకో మెట్టు ముందుకెళ్ళారు. పగిలిన సీసాల్ని దంచి, ఆ గాజు పొడిని మట్టి అచ్చుల్లో పోసి కాలుస్తారు. చిల్లు కోసం నడుమ కర్రపెండలం ఆకు కాడ నిలబెడతారు. అది కాలిపోగా చిల్లు మిగులుతుంది. అంత తెలివైన చిల్లుని చూసి ముచ్చటపడకుండా ఎలా ఉంటాం!

పూసల్లో మనకీ వాటా ఉంది. తిరుపతికి దగ్గర్లో పాపానాయుడుపేట అనే ఊరుంది. కొలిమిలో కరిగిన గాజుని పొడవాటి ఇనప గొట్టంతో సన్నటి గొట్టంలా లాగి, ముక్కలు చేసి పూసలు తీసే విద్య అక్కడి కుటుంబాలది. రెండువేల ఏళ్ళ కిందట తమిళదేశపు రేవుల్లో జరిగిన పని తీరుకి అది బతికున్న సాక్ష్యమని పూసల చరిత్రకారుడు పీటర్ ఫ్రాన్సిస్ రాశాడు. ఆ రకం చిన్న గాజు పూసలు ఆఫ్రికా తూర్పు, దక్షిణ భాగాల తవ్వకాల్లో కూడా దొరికాయి. ఇక గవ్వ. చేతిలో చిల్లిగవ్వ లేదని ఇప్పటికీ అంటాం గానీ ఆ గవ్వ నిజంగా డబ్బుగా చెల్లిన రోజులు మనకీ ఉన్నాయి, పశ్చిమాఫ్రికాకీ ఉన్నాయి. మాల్దీవుల్లో ఏరిన గవ్వలు ఐరోపా ఓడల్లో ఆ తీరానికి చేరేవి. డబ్బు చెల్లకుండా పోయాక గవ్వ గుడ్డ మీదికెక్కింది. తెలంగాణ తండాల్లో లంబాడీ ఆడవాళ్ళ రవికెల మీదా, సంచుల మీదా అద్దాల పక్కన కుట్టిన గవ్వలు చూడండి. తర్వాత గ్లోబల్ విలేజ్‌లో ఆఫ్రికా టోపీల మీది గవ్వలు చూడండి. రెండూ ఒకే సముద్రంలో పుట్టిన అక్కచెల్లెళ్ళు.

మనం ఉంటున్న ఈ నేల మీద కూడా ఇలాంటి పనితనం ఒకటుంది. ఎమిరాతీ ఆడవాళ్ళ దుస్తుల మెడకీ, చేతులకీ, షరాయి కాళ్ళకీ కుట్టే సన్నటి మెరుపు పట్టీని 'తల్లీ' అంటారు. పేరు విని మన తల్లి అనుకోకండి, అయితే తల్లి కూతురికి నేర్పే విద్య గనక అనుకున్నా పెద్ద తప్పు లేదు. పీట మీద నిలబెట్టిన చిన్న దిండు ముందు కూర్చుని, నూలు దారాలనీ మెరిసే లోహపు రేకునీ వేళ్ళతోనే పెనవేస్తారు. జానెడు పట్టీకి గంటల పని. 2022లో యునెస్కో జాబితాకెక్కింది. షార్జాలో 2015లో మొదలైన ఇర్థీ అనే చేతివృత్తుల మండలి ఆ పని తెలిసిన ఆడవాళ్ళకి జీతమిచ్చి, శిక్షణ ఇచ్చి నడుపుతోంది. ఇక్కడ నాకు నచ్చింది జాబితా కాదు, జీతం. చేతిపనిని కాపాడ్డమంటే అద్దాల బీరువాలో పెట్టడం కాదు, చేసే చేతికి నెల తిరిగేసరికి డబ్బు అందేలా చూడడం.

మరి మనమేం చెయ్యాలి?

'ఆఫ్రికన్' అన్న మాట తప్పుడు మాట కాదు. చాలని మాట. యాభైకి పైగా దేశాలున్న ఖండాన్ని ఒక్క మాటలో చుట్టేసి, దాని పక్కన 'ఎథ్నిక్', 'హ్యాండ్‌మేడ్' అని రెండు చీటీలు తగిలించే అమ్మకాన్ని నేను తప్పుపడుతున్నాను. ఒంగోలు మనిషినీ, ఓరుగల్లు మనిషినీ, మధుర మనిషినీ కలిపి 'మద్రాసీ' అంటే మనకెలా ఉంటుంది? చీరాల గుడ్డకి అచ్చం అదే జరిగింది కదా! నేసింది చీరాల, పేరు మద్రాసుది, ఖ్యాతి ఎగుమతిదారుది. మనకి జరిగిన అన్యాయం మనకి తెలుసు గనక, దుకాణంలో నిలబడి ఇంకొకరికి అదే చెయ్యకుండా ఉండడం మన వంతు.

నిజమైన వాక్స్ గుడ్డ అంచు మీద మిల్లు పేరు అచ్చువేసి ఉంటుంది. దొంగ గుడ్డ అంచు మీద కూడా ఆ పేరే అచ్చువేస్తారనుకోండి, అది వేరే కథ. మగ్గం మీద నేసిన గుడ్డ అంచు మీద మాత్రం ఏ పేరూ ఉండదు. మన దేశంలో 2006లో చేనేత గుర్తు వచ్చింది. పుట్టపాక తేలియా రుమాలుకి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నూనె వాసన వేసే ఆ ఎరుపు, నలుపు, తెలుపు రుమాలు ఒకప్పుడు చీరాల నుంచి ఈ గల్ఫ్ రేవులకే వచ్చి ఇక్కడివాళ్ళ తలలకి నీడైంది. ఈ గుర్తులు మంచివే. కానీ అవి ఊరి పేరు చెప్తాయి గానీ మనిషి పేరు చెప్పవు. యంత్రానికి సంతకం ఉంది, చేతికి లేదు.

అందుకని నా విన్నపం చిన్నది. ఈసారి బజారులో గుడ్డ గానీ, పూస గానీ, పట్టీ గానీ చేతిలోకి తీసుకున్నప్పుడు ధర అడిగే ముందు మూడు ప్రశ్నలు అడగండి. ఇది నేసిందా, అచ్చేసిందా? ఎక్కడ, ఎవరు చేశారు? ఏ జనం దీన్ని ఎప్పుడు కట్టుకుంటారు, ఏమని పిలుస్తారు? దుకాణదారుకి జవాబులు తెలియకపోవచ్చు. పదిమంది అడిగితే తెలుసుకుంటాడు, వ్యాపారం అలాంటిది. అచ్చు గుడ్డ కొనొద్దని నేననడం లేదు. పిల్లల గౌనుకి కెంతే నేత కొనగలిగే స్థోమత ఎవరికుంది? అచ్చు గుడ్డని అచ్చు గుడ్డ అని తెలిసి కొనండి, పిల్లలకి అలాగే చెప్పండి. అమ్మ జాకెట్టు మీది కలంకారీ బొమ్మకి అసలు బొమ్మ శ్రీకాళహస్తిలో ఎలా పుడుతుందో చెప్పేటప్పుడు, మాలీలో బురదతో ఆ నలుపు ఎలా తెస్తారో కూడా కలిపి చెప్పండి. బళ్ళో వాళ్ళ పక్క బెంచీలో నైజీరియా పిల్లో, కెన్యా పిల్లాడో కూర్చునే ఉంటారు. మీ అమ్మమ్మ కట్టుకునే గళ్ళ గుడ్డ మా అమ్మమ్మ ఊరి దగ్గర నేసిందేనేమో అని వాళ్ళతో అనడానికి మన పిల్లలకి ఒక మాట దొరుకుతుంది.